పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది?

2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను మొదటిసారిగా ఒక ప్రశ్న అడిగింది: గర్భసంచి తీయించుకున్నారా? దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు అవునన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. అస్సాంలో ఒక్కరు. తెలంగాణ ఒక్కటే మన వెనకాలే ఉంది. దేశం మొత్తంలో ఆపరేషన్ అయినవాళ్లలో సగంమందికి అది 34 ఏళ్లలోపే జరిగిపోయింది. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప నేలల్లో ఈ లెక్క ఎవరికీ వింతగా తోచదు. ప్రత్తిపాడు, చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు దారుల్లో తెల్లవారకముందే కోతకు బయల్దేరే ఆటోల్లో ఆడవాళ్లు ఈ కబురు మామూలుగానే చెప్పుకుంటారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పే మాట కూడా ఒకటే. "పిల్లల ఆపరేషన్ అయిపోయింది గదమ్మా, ఇంకా ఆ సంచితో పనేముంది? ఉంచుకుంటే గడ్డలు లేస్తయ్, క్యాన్సర్ అవుద్ది." ఈ మాటను అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. ఆ ప్రశ్నకు ఇన్నేళ్లలో వాళ్లకు కూర్చోబెట్టి జవాబు చెప్పినవాళ్లు లేరు. ఆ జవాబు గర్భసంచి దగ్గర మొదలుకాదు. అది ఒంటరి అవయవం కాదు గనక, అదెలా తయారవుతుందో చూస్తే తప్ప దానితో పనేమిటో తెలియదు.

ఆరు వారాల పిండం లోపలి నిర్మాణం చూసి ఆడో మగో చెప్పలేం. బీజగ్రంథులు ఎటైనా మళ్లగలిగేలా ఉంటాయి. వాటి పక్కన రెండు జతల నాళాలుంటాయి. అందులో ఒక జతకు, 1830లో దాన్ని వివరించిన జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ పేరే నిలిచింది. వై క్రోమోజోము మీది ఎస్ఆర్‌వై జన్యువును 1990లో కనుక్కున్నారు. అది ఉంటే వృషణం ఏర్పడి, అది వదిలే ఒక హార్మోను ముల్లర్ నాళాల్ని కరిగించేస్తుంది. లేకపోతే ఆ నాళాలు నిలుస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1940లలో కుందేలు పిండాల మీద చేసిన ప్రయోగాలు ఈ సంగతి తేల్చాయి. అయితే ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు దీన్ని పట్టుకుని, ఏమీ జరగకపోతే మిగిలేదే ఆడ శరీరం అన్నట్టు రాసుకుంటూ పోయాయి. అది తప్పు. అండాశయం కావడానికి దాని జన్యువులు దానికున్నాయి, అవి పనిచేయాలి. ఇంకా ముఖ్యమైన సంగతి 2009లో తేలింది. పూర్తిగా ఎదిగిన ఆడ ఎలుకలో ఫాక్స్ఎల్2 అనే ఒక్క జన్యువును ఆపేస్తే అండాశయ కణాలు వృషణ కణాల్లా మారిపోతాయి. అంటే అండాశయాన్ని శరీరం ఒకసారి కట్టి వదిలేయదు, రోజూ నిలబెట్టుకుంటూ ఉంటుంది.

ముల్లర్ నాళాలు రెండూ కిందికి దిగి మధ్యలో కలుస్తాయి. పై భాగాలు విడివిడిగా ఉండి ఫెలోపియన్ నాళాలవుతాయి. కింది భాగాలు కలిసిపోయి, మధ్య గోడ కరిగిపోయి, ఒకే గర్భాశయం అవుతుంది. గోడ సరిగా కరగకపోతే రెండు గదుల గర్భాశయం మిగులుతుంది. మాటిమాటికీ కడుపు పోయే కొందరిలో కారణం ఇదే. దాదాపు అయిదు వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి గర్భాశయం అసలు ఏర్పడదు. అండాశయాలు బాగానే ఉంటాయి, ఒళ్లు మామూలుగానే ఎదుగుతుంది, కానీ పదహారేళ్లొచ్చినా నెలసరి రాదు. అది పుట్టకముందు, నాళాల దశలో జరిగిన లోపమని తెలియక ఆ పిల్లను, తల్లిని నానా మాటలూ అనే ఇళ్లున్నాయి. పెళ్లయ్యాక తెలిస్తే ఆ పెళ్లి నిలవకపోవచ్చు.

అండాల కథ ఇంతకన్నా పాతది. ఆడపిల్ల తల్లి కడుపులో అయిదో నెలలో ఉండగానే ఆమె అండాశయాల్లో అరవై, డెబ్బై లక్షల అండకణాలుంటాయి. ఆ తర్వాత తరగడమే. పుట్టేసరికి పది, ఇరవై లక్షలు. సమర్తాడేనాటికి మూడు, నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో నెలకొకటి చొప్పున విడుదలయ్యేవి నాలుగైదు వందలే. అంటే మనం పుట్టిన అండం, మన అమ్మ మన అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైంది. మన నేలల్లో ఇది ఉట్టి జీవశాస్త్రం ముచ్చట కాదు. ఇక్కడి అమ్మమ్మలు ఎలాంటి చేలలో తిరిగారో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

కృష్ణా డెల్టా దాటిన నల్లరేగడిలో పత్తి విస్తరించిన దశాబ్దాల్లో డీడీటీ, బీహెచ్‌సీ పొడులు చేతులతో చల్లారు. వ్యవసాయంలో డీడీటీని దేశం 1989లో ఆపింది. తెల్లదోమ విరుచుకుపడిన 1987-88లో ప్రకాశం, గుంటూరు పత్తి రైతులు మందు మీద మందు కొట్టి, అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్నారు. బీటీ పత్తి 2002లో వచ్చేదాకా, దేశంలో సాగుభూమిలో అయిదు శాతం ఉన్న ఈ పంటకే పురుగుమందుల్లో సగానికి దగ్గరగా పోయేది. ఇప్పుడు అమెరికాలో కాలిఫోర్నియాలో జరిగిన ఒక దీర్ఘకాల అధ్యయనం చూద్దాం. 1959 నుంచి 1967 మధ్య గర్భిణులుగా ఉన్న స్త్రీల రక్తం నమూనాలను అక్కడ దాచిపెట్టారు. బార్బరా కోన్ బృందం వాళ్ల కూతుళ్లను, మనవరాళ్లను దశాబ్దాల తరబడి వెంబడించింది. అమ్మమ్మ రక్తంలో డీడీటీ ఎక్కువగా ఉన్న మనవరాళ్లలో ఊబకాయం, పదకొండేళ్లకు ముందే రజస్వల కావడం ఎక్కువని 2021లో ప్రచురించారు. డీడీటీయే దీనికంతటికీ కారణమని ఆ ఒక్క అధ్యయనంతో తీర్మానించలేం. కానీ అమ్మమ్మ, అమ్మ, మనవరాలు ఒకే శరీరంలో ఒకేసారి మందుకు గురయ్యే క్షణం ఒకటుందని అండాల చరిత్ర చెబుతోంది. మిరప చేలో గర్భిణి పనికెళ్లడం మామూలైన చోట దీన్ని పట్టించుకోకుండా ఎలా ఉండగలం?

మందు కొట్టేది మగవాళ్లేగదా అంటారు. రాష్ట్రంలో పత్తి చేలలో మందు కొట్టే మగవాళ్లున్న వెయ్యికి పైగా జంటలను పరిశీలించి ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్రజ్ఞులు 1991లో ఒక పత్రం ప్రచురించారు. మందు సోకని జంటలతో పోలిస్తే గర్భస్రావాలు, చనిపోయి పుట్టడాలు, పుట్టిన కొద్దిరోజుల్లో పోవడాలు, పుట్టుకతో వచ్చే లోపాలు వాళ్లలో ఎక్కువ. మందు మగవాడి వంటి మీద, కడుపుకోత ఆడదాని వంతు. ఆడవాళ్లు మందుకు దూరంగా ఉన్నారా అంటే అదీ లేదు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 2003లో పత్తి రైతు కుటుంబాల ఆడవాళ్లు తమంతట తామే నమోదు చేసుకున్న లెక్కల్లో తలతిరుగుడు, వాంతులు, వణుకు పదేపదే కనిపించాయి. డ్రమ్ములో చిక్కటి మందు కలిపేది, పంపులో నింపేది వాళ్లే. కలపడంలో చేతికి తగిలేది నీళ్లు చేరిన మందు కాదు, అసలు మందు. కొట్టిన చేలోకి మర్నాడు కలుపు తీయడానికీ, పత్తి తీతకూ దిగేదీ వాళ్లే. పత్తికీ సంతానానికీ మరో ముడి కూడా ఉంది. చైనాలో శుద్ధి చేయని పత్తి గింజల నూనె వాడిన ఊళ్లలో పిల్లలు పుట్టడం తగ్గిపోవడం చూసి, ఆ నూనెలోని గాసిపాల్ అనే పదార్థాన్ని మగవాళ్ల గర్భనిరోధక మాత్రగా 1970లలో వేలమందిపై పరీక్షించారు. రక్తంలో పొటాషియం పడిపోవడం, కొందరిలో సంతాన శక్తి మళ్లీ రాకపోవడం చూసి వదిలేశారు.

ఇక ఎదిగాక జరిగే పని. మన ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషైతే నువ్వుల చిమ్మిలి పెడతారు, పేరంటం చేస్తారు, ఓణీలు కడతారు. లోపల జరిగేదేమిటో మాత్రం ఎవరూ చెప్పరు. మెదడు అడుగున ఉన్న హైపోథలమస్ గంటా గంటన్నరకోసారి ఒక హార్మోనును చిన్న చిన్న విడతలుగా వదలడం మొదలెడుతుంది. ఆ విడతలకు పిట్యూటరీ గ్రంథి స్పందిస్తుంది, దానికి అండాశయం. ఆ నెలకు తయారైన పుటికల్లో, అంటే అండాన్ని మోసే చిన్న తిత్తుల్లో, ఒకటి పెరిగి, ఈస్ట్రోజన్‌ను పెంచుకుంటూ పోతుంది. ఈస్ట్రోజన్ రెండు రోజులపాటు బాగా హెచ్చితే, అప్పటిదాకా అణచిపెట్టి ఉన్న పిట్యూటరీ ఒక్కసారిగా ఎల్‌హెచ్ అనే హార్మోనును వదులుతుంది. ఒకటిన్నర రోజులోపల పుటిక చిట్లి అండం బయటపడుతుంది. చిట్లిన పుటిక వ్యర్థంగా పడి ఉండదు. అది పసుపు గ్రంథిగా మారి ప్రొజెస్టరాన్ ఇస్తుంది, గర్భాశయం లోపలి పొరను గర్భం నిలవడానికి మెత్తగా సిద్ధం చేస్తుంది. గర్భం రాకపోతే రెండు వారాలకు అదీ ఎండిపోతుంది, పొర ఊడి నెలసరి వస్తుంది. ఇదంతా జరిగే గర్భాశయం మామూలుగా జామకాయంత, యాభై, అరవై గ్రాములు. నెలలు నిండేసరికి ఒక కిలో బరువు తూగుతుంది. కాన్పయ్యాక ఆరు వారాల్లో మళ్లీ దాదాపు పాత పరిమాణానికి వచ్చేస్తుంది. పిల్లలు పుట్టకముందుకన్నా మాత్రం కొంచెం పెద్దగానే ఉండిపోతుంది. ఈ చివరి మాట కాస్త గుర్తుంచుకోవాలి.

ఈ చక్రం స్థిరపడటానికి రజస్వల అయ్యాక రెండు, మూడేళ్లు పడుతుంది. ఎముకలు పూర్తి గట్టిదనం పొందేది ముప్పై ఏళ్ల దగ్గర. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల యువతుల్లో 29 శాతానికి పైగా పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయింది. అదే సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. కుటుంబ నియంత్రణలో పెళ్లైన ఆడవాళ్లలో 69.6 శాతానికి ట్యూబుల ఆపరేషన్ జరిగితే, మగవాళ్ల వాసెక్టమీ వాటా 0.4 శాతం. దాదాపు దేశంలో కెల్లా ఎక్కువ భారాన్ని ఒకే చోట మోపిన లెక్క ఇది. పెళ్లి పదిహేడుకు, రెండు కాన్పులు ఇరవై ఒకటికి, ఆపరేషన్ ఇరవై రెండుకు. అంతటితో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థకు ఆమె గర్భాశయంతో పని తీరిపోతుంది. మాతాశిశు సంరక్షణ రిజిస్టర్‌లో ఆమె పేరు ఆగిపోతుంది. ఆ తర్వాత ఇరవై అయిదేళ్లపాటు ఆమెకు వచ్చే నెలసరి కష్టాలకు దగ్గర్లో ఒక చోటు లేదు.

మిరప కోతల కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుంచీ, కర్నూలు జిల్లా నుంచీ కుటుంబాలతో వచ్చి చేల పక్కన పట్టాలు కట్టుకుని ఉంటారు. తెల్లారి ఆరుకల్లా చేలో ఉండాలి. నడుం వంచి కాయ కోయాలి, బస్తాకో కిలోకో కూలి. మరుగు లేదు, అందుకని మధ్యాహ్నం దాకా నీళ్లు తాగరు. బట్ట మార్చుకునే చోటు లేదు. కాయ ఘాటున్న చేతులతో ఒంటిని తాకలేరు. మూత్రంలో మంట, తెల్లబట్ట, నడుంనొప్పి ఈ బతుకులో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కోతలయ్యాక గుంటూరు యార్డు చుట్టుపక్కల, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పని. ఈ మొత్తం కాలంలో పీహెచ్‌సీకి వెళ్లాలంటే ఒక పూట కూలి పోతుంది. అందుకని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది, అది తగ్గకపోతే టౌన్లో స్కానింగ్.

ఆ స్కానింగ్ రిపోర్టును ఒకసారి దగ్గరగా చూద్దాం. అందులో 'బల్కీ యూటరస్' అని ఉంటుంది. ఇద్దరు బిడ్డల్ని కన్న గర్భాశయం కొంచెం పెద్దగా ఉండటం రోగం కాదు. 'నాబోథియన్ సిస్ట్' అని ఉంటుంది. గర్భాశయ ముఖం దగ్గర ద్రవం నిండిన ఈ చిన్న బుడిపెలు ఎంతోమందిలో ఉంటాయి, ఏమీ చేయవు. 'ఫైబ్రాయిడ్' అని ఉంటుంది. చిన్నవై, ఇబ్బంది పెట్టకపోతే వాటికి ఏ వైద్యమూ అక్కర్లేదు, నెలసరి ఆగాక అవే కుంచించుకుపోతాయి. కానీ ఇంగ్లీషు చదవలేని మనిషికి ఈ మూడూ కలిపి 'సంచంతా గడ్డలు, పుండు పడింది' అని తిరిగి చెప్పిన క్షణం ఆపరేషన్ ఖాయమైపోతుంది. తెల్లబట్టకు కారణం ఇన్‌ఫెక్షన్ అయితే దానికి మందులున్నాయి, అవసరమైతే భర్తకూ మందులు. తెల్లబట్టకు గర్భసంచి తీయడం వైద్యం కాదు.

క్యాన్సర్ భయానికి వేరే చోటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ కారణమని నిరూపించిన హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ సోకాక ఆ క్యాన్సర్ రావడానికి సాధారణంగా పదేళ్లకు పైగానే పడుతుంది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు వెనిగర్ రాసి కంటితో చూసే పరీక్ష, పాప్ పరీక్ష, హెచ్‌పీవీ పరీక్ష ఉన్నాయి, టీకా ఉంది. ఈ టీకాతో మనకు చెడ్డ చరిత్ర ఒకటుంది. 2009లో ఖమ్మం జిల్లాలో వేల మంది గిరిజన బాలికలకు పరిశోధన పేరుతో వేసినప్పుడు ఎంతోమంది తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు. టీకా వేశాక కొందరు పిల్లలు చనిపోయారు; ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినా, సమ్మతి లేకుండా వేయడం వల్ల పోయిన నమ్మకం మళ్లీ రాలేదు. టీకాకు భయపడి, పరీక్ష చేయించుకోక, నేరుగా గర్భసంచి తీయించుకునే దారి కొందరికి మిగిలింది.

గర్భసంచి తీయక తప్పని పరిస్థితులున్నాయి. క్యాన్సర్, పెద్ద ఫైబ్రాయిడ్లు, మందులకు లొంగని రక్తస్రావం, బాగా జారిన గర్భాశయం, కాన్పులో ఆగని రక్తం. అలాంటి చోట ఈ ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, ఆ డాక్టరుకు దండం పెట్టాలి. మిగతా చోట ముందు చేయాల్సినవి ఉన్నాయి. అధిక రక్తస్రావానికి ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు చవకైనవి. జపాన్ శాస్త్రవేత్త ఉతాకో ఒకమోతో, ఆమె భర్త 1962లో దీన్ని తయారు చేశారు. కాన్పు తర్వాత రక్తస్రావంతో చనిపోయే ఆడవాళ్ల కోసం ఆమె ఇది వెతికింది. అది ప్రాణం కాపాడుతుందని అంతర్జాతీయ అధ్యయనం 2017లో రుజువు చేసింది, ఆమె పోయిన మరుసటి ఏడు. హార్మోన్ ఉన్న కాపర్-టీ లాంటి సాధనమూ ఉంది. జారిన గర్భాశయానికి రింగు ఉంది.

ఇప్పుడు ఆ ప్రశ్నకు నేరుగా రావచ్చు. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది? అండాశయాలకు వెళ్లే రక్తంలో కొంత భాగం గర్భాశయ ధమని నుంచే వస్తుంది. అండాశయాల్ని వదిలేసి గర్భసంచి మాత్రమే తీసినా, అవి మిగతావాళ్లకన్నా రెండు, మూడేళ్లు ముందే అలసిపోతాయని కొన్ని అధ్యయనాలు చూపాయి. రెండు అండాశయాలనూ తీసేస్తే అవి ఇచ్చే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా ఆగుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, యోని పొడిబారడం, ఎముకలు బోలుబడటం, గుండెజబ్బు ముప్పు అన్నీ ముందుకు జరుగుతాయి. మన ఆడవాళ్లకు నెలసరి సగటున నలభై ఆరు, నలభై ఏడుకే ఆగుతుంది. ముప్పై నాలుగుకే ఆపరేషన్‌లో అండాశయాలూ పోతే, కూలి చేసి బతకాల్సిన మరో పదిహేను, ఇరవై ఏళ్లు బలం తగ్గిన ఎముకలతో గడవాలి. నడుంనొప్పి తగ్గుతుందని తీయించుకుని, ఆ తర్వాత ఇంకా ఎక్కువ నొప్పితో ఆర్ఎంపీ దగ్గర కాల్షియం సూదులు వేయించుకునేవాళ్లను ఏ ఊళ్లో అడిగినా దొరుకుతారు. అండాశయం తీశారా ఉంచారా అనే సంగతి చాలామందికి తెలియదు, డిశ్చార్జి కాగితంలో ఉన్నా ఎవరూ చదివి చెప్పలేదు.

ఆడవాళ్లకు వాళ్ల ఒంటి సంగతి చదివి చెప్పే పని ఈ నేలకు కొత్తేమీ కాదు. 1883లో అమెరికా నుంచి గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టింది, 1930లో ఇక్కడే పోయింది. ఆమె ఆసుపత్రి ఇప్పటికీ ఆమె పేరుతోనే గుంటూరువాళ్ల నోట ఉంది. మగ డాక్టరుకు చూపించుకోలేక చనిపోయే ఆడవాళ్లకు ఆడ డాక్టరు అన్న ఆలోచన అప్పుడు పెద్ద మలుపు. ఆ తర్వాత డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ విజయవాడలో ప్రాక్టీసు చేస్తూ ప్రసూతి, శిశుపోషణల గురించి తెలుగులో పుస్తకం రాసింది, ఆడవాళ్లకు వాళ్ల శరీరం గురించి వాళ్ల భాషలో చెప్పింది. 1957లో లోక్‌సభకు ఎన్నికైంది. లూసీ విల్స్ 1928 తర్వాత బొంబాయిలో నూలు మిల్లుల కూలి ఆడవాళ్లలో గర్భిణులకు వచ్చే రక్తహీనతను పట్టుకుంటే, దాన్ని నయం చేసే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకుడు. పత్తి కూలీల కడుపుకూ, తెలుగువాడి ప్రయోగశాలకూ మధ్య ఇంత దగ్గరి దారి ఉన్నా, ఇవాళ మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా మందికి రక్తం తక్కువే.

గర్భసంచి ఆపరేషన్ల సంగతి ముందుగా బయటపెట్టినవాళ్లలో తెలుగు డాక్టర్లున్నారు. హైదరాబాద్‌లోని లైఫ్-హెచ్ఆర్‌జీ అనే సంస్థకు చెందిన కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లాలో ఊరూరా తిరిగి, ముప్పై ఏళ్లు దాటకుండానే గర్భసంచి పోయిన ఆడవాళ్ల వివరాలు సేకరించి 2009 ప్రాంతంలో ప్రచురించారు. ఆరోగ్యశ్రీ వచ్చి డబ్బు ప్రభుత్వమే ఇవ్వడం మొదలుపెట్టాక ఈ ఆపరేషన్ల మీద అనుమానాలు పెరిగి, ప్రైవేటు ఆసుపత్రులకు ఆ వెసులుబాటు తగ్గించారు. అయినా అప్పు చేసి తీయించుకోవడం ఆగలేదు. మహారాష్ట్రలో బీడ్ చెరకు కోత కూలీల ఉదంతం 2019లో దేశమంతా తెలిసింది. వాళ్లు పని ఆగకూడదని గర్భసంచి తీయించుకున్నారు. మన మిరప కూలి పరిస్థితి దానికి దూరం కాదు. 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షక కమిటీలుండాలి, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు జరిగిన ప్రతి ఆపరేషన్‌నూ నమోదు చేయాలి.

ఆ నమోదులో వయసుతో పాటు వృత్తి కూడా రాయాలి. ఆ గడిలో 'గృహిణి' అని కాక 'మిరప కోత', 'పత్తి తీత', 'తొడిమల పని', 'మందు కలపడం' అని విడివిడిగా రాయించాలి, ఎన్నో ఏట పిల్లల ఆపరేషన్ అయిందో పక్కన రాయించాలి. పల్నాడు, బాపట్ల, ప్రకాశం, గుంటూరు నాలుగు జిల్లాల్లో ఈ పని ఒక్క కోతల కాలం నిజాయితీగా చేస్తే, మందు సోకిన చేలకూ తీసేసిన గర్భసంచులకూ మధ్య ముడి ఉందో లేదో తేల్చడానికి కావలసిన లెక్క చేతికొస్తుంది. ముందుగా ఆశా కార్యకర్తలకు కోత కాలంలో సాయంత్రం ఏడు తర్వాత చేల పక్కన గుడారాల దగ్గరికి వెళ్లే వీలు, రక్తపరీక్షకు చిన్న పరికరం, వెనిగర్ పరీక్ష నేర్పిన ఒక నర్సు, ఇనుము మాత్రలు, ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు కావాలి.